పది మీటర్ల తాడు

పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం కాలేజీలో క్లాసులు ముగించుకుని ఇంటికొచ్చి తలుపు తీయగానే ఒక వాసన ముక్కుకు తగిలింది. ఎండుతున్న ఆకుల వాసన. దాంట్లో పాత న్యూస్‌పేపర్ల వాసన, కలరా ఉండల వాసన కూడా కలిసి ఉన్నాయి. చెప్పులు విప్పడం మరచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాను. ముప్పై ఏళ్ల కిందట ఉస్మానియా యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో నా మంచం కింద నుంచి వచ్చే వాసన అది.

మా అన్నయ్య కూతురు ములుగులో ఫారెస్ట్రీ చదువుతోంది. ములుగు అంటే చాలామంది వరంగల్ అవతలి ములుగు అనుకుంటారు. ఇది సిద్దిపేట జిల్లాలోది, రాజీవ్ రహదారి మీద. శని, ఆదివారాల్లో తార్నాకలోని మా ఇంటికి వస్తుంటుంది. ఆ రోజు అట్టపెట్టె నిండా కొమ్మలు పట్టుకొచ్చి, హాలంతా పేపర్లు పరిచి, ఒక్కో రెమ్మనూ ఆకు మడతపడకుండా సర్ది, పైన బరువు కోసం నా బాటనీ పుస్తకాలన్నీ పేర్చేసింది.

"అత్తా, ఆకులు అదిమే ప్రెస్‌ను హాస్టల్లోనే మరచిపోయాను. నీ దగ్గర పాతది ఉందా?" అంది.

ఉంది. స్టూలు వేసుకుని అటక మీద నుంచి దించాను. చెక్క పట్టీల చట్రాలు రెండు, వాటిని బిగించే తోలు బెల్టులు రెండు. బెల్టులు ఎండి పగిలిపోయాయి. చట్రాల మధ్య, ఎప్పటికప్పుడు అతికిద్దాం అనుకుంటూ అతికించకుండా వదిలేసిన ఎండురెమ్మల కట్ట ఒకటి అలాగే ఉంది. దాన్ని ఆ రాత్రే విప్పాం. అందులో ఏముందో తర్వాత చెప్తాను.

*

మేం చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో ఫారెస్ట్రీకి డిగ్రీ లేదు. మా మేనకోడలు చదువుతున్న కాలేజీ 2016లో మొదలైంది. మొదట్లో క్లాసులు దూలపల్లిలోని ఫారెస్ట్ అకాడమీలో జరిగేవి, 2019 డిసెంబరులో ములుగు భవనాలు ప్రారంభమయ్యాయి. అంతకుముందు అడవి మీద మనసున్నవాళ్లకు ఒకటే దారి: ఎమ్మెస్సీ బాటనీలో చేరి, ఇకాలజీ స్పెషల్ పేపర్ తీసుకోవడం. నేను అదే చేశాను.

కల్వకుర్తి దగ్గరి పల్లె మాది. నాన్న బడిపంతులు. నేను అడవి చదువు చదువుతానంటే చుట్టాలు ఇంటికొచ్చి మరీ నాన్నకు నచ్చజెప్పబోయారు. ఆడపిల్లను అడవుల పాలు చేస్తావా అన్నారు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌లోకి ఆడవాళ్లు 1980లోనే వచ్చారని నాన్న ఎక్కడో చదివారు. ఎవరు ఏమన్నా ఆ ఒక్క మాటే జవాబుగా చెప్పేవారు. నేను ఆ సర్వీస్‌కు పోలేదు. పరీక్ష రాశాను, రాలేదు. డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పుకుంటూ ఉండిపోయాను. అయినా నాన్న ఆ మాట చెప్పిన తీరు, కళ్లజోడు తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా, ఇప్పటికీ చెవుల్లో ఉంది.

హాస్టల్లో మా గదిలో ముగ్గురం. ఒకామెది పాలమూరు వైపు, వాళ్ల నాన్న మేస్త్రీ. ఇంకొకామెది ఆదిలాబాద్. ప్రతి ఎండాకాలం ఊరికి పోయి తునికి ఆకు కోసి, ఆ డబ్బుతో ఫీజు కట్టుకునేది. ఆకుకు ఆకు పేర్చి యాభైకి ఒక కట్ట కట్టాలి, వెయ్యి కట్టలైతే ఒక బస్తా లెక్క. ఆమె మాట్లాడుతూ ఉంటే చేతులు ఊరుకునేవి కావు. కాగితాలు, పోస్టుకార్డులు, ఏది దొరికితే అది పేర్చేది. ఒకసారి పరీక్షగా, చూడకుండా యాభై తెల్ల కాగితాలు తీయమన్నాం. మాతో కబుర్లు చెబుతూనే తీసింది. మేం రెండుసార్లు లెక్కపెట్టాం, సరిగ్గా యాభై ఉన్నాయి.

*

మా సార్‌కు ఒక అలవాటు. మనం ఏ మాట చెప్పినా ఓపికగా విని, చివర్లో ఒకటే అడిగేవారు: "లెక్కపెట్టావా అమ్మా?" అడవి పలచబడుతోంది సార్ అంటే, లెక్కపెట్టావా? ఇక్కడ టేకు ఎక్కువ సార్ అంటే, లెక్కపెట్టావా? మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. తర్వాత తర్వాత నోరు తెరిచే ముందే ఆ ప్రశ్న లోపల వినిపించేది.

లెక్కపెట్టడానికి కావలసింది తాడు. అడవిలో పది మీటర్ల చదరం గీసి, అందులోని ప్రతి చెట్టునూ కొలవాలి. దాన్ని క్వాడ్రట్ అంటారు. బేగంబజార్‌లో నైలాన్ తాడు కొన్నాం, నలభై మీటర్లకు పైగా. మీటరుకో ముడి వేద్దామని నేను టేపు పెట్టి కొలిచి మొదలుపెట్టాను. ముడులు వేసుకుంటూ పోతే తాడు కురచైపోయింది. సార్ చూసి, "ముడి తాడును తినేస్తుంది. ముడులు వద్దు, గుడ్డపీలికలు కుట్టండి" అన్నారు. పాత ఎర్రచున్నీ ఒకటి చించి మీటరుకో పీలిక కుట్టాం. హాస్టల్ వరండా పొడవునా తాడు పరుచుకుని ముగ్గురం మూడు చోట్ల కూర్చుని కుడుతుంటే, మెస్ అక్క వచ్చి పూలదండ అనుకుంది.

చదరం గీయడమంటే నాలుగు మూలలూ సరిగ్గా రావాలి, లేకపోతే అది ఏటవాలై లోపలి వైశాల్యం తగ్గిపోతుంది. దానికి ఉపాయం చెప్పింది పాలమూరు అమ్మాయి. "మా నాయన ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూడు, నాలుగు, ఐదు కొలుస్తడు" అంది. ఒక పక్క మూడు మీటర్లు, ఇంకో పక్క నాలుగు మీటర్లు, ఆ రెండు కొసల మధ్య ఐదు వస్తే మూల సరిపోయినట్టు. పైథాగరస్ సిద్ధాంతం మేమంతా పదో తరగతిలో చదివినవాళ్లమే. అడవిలో మూలమట్టంగా అది పనికొస్తుందని మాలో ఇంకెవరికీ తట్టలేదు.

తాడును ప్రతి ట్రిప్‌కు ముందురోజు, చదరం ఒక్కో పక్కకు పది మీటర్ల చొప్పున, స్టీలు టేపుతో కొలిచి, ఆ కొలతను నోట్‌బుక్‌లో మొదటి లైనులో రాయాలి. సార్ రూల్ అది. తేదీ, తాడు, నేల. నేల అంటే తడిగా ఉందా, పొడిగా ఉందా అని. ఆ మూడూ రాయకపోతే మిగతా పేజీ చూసేవారే కాదు.

*

తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో వికారాబాద్ వైపు పోయే ప్యాసింజర్ ఎక్కేవాళ్లం. బేగంపేట, సనత్‌నగర్ దాటి లింగంపల్లికి వచ్చేసరికి వెలుతురు పడేది. ఆ రోజుల్లో లింగంపల్లి తర్వాత కిటికీలోంచి బండలూ, జొన్నచేలూ కనిపించేవి. శంకర్‌పల్లిలో పాలవాళ్లు దిగేవారు, ఎక్కేవారు. క్యాన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడుకు నిద్ర తేలిపోయేది.

వికారాబాద్‌లో దిగి అనంతగిరి గుట్టకు వెళ్లేవాళ్లం. హైదరాబాద్ మధ్యలోంచి నల్లగా పారే మూసీ అక్కడే పుడుతుంది. మొదటిసారి అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర నిలబడి లోయలోకి చూసినప్పుడు, చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని దాటే నీళ్లూ ఇవీ ఒకటేనా అని నమ్మబుద్ధి కాలేదు. వాన పడ్డాక ఎర్రమట్టి, టేకు ఆకుల మీద చినుకుల టపటప. టేకు లేతాకును వేళ్లతో నలిపితే ఎర్రగా రంగు దిగుతుంది. మొదటి ట్రిప్‌లో అందరి వేళ్లూ గోరింటాకు పెట్టుకున్నట్టు అయ్యాయి.

పని మాత్రం ఓపిక పని. చదరంలో చుట్టుకొలత ముప్పై సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టునూ, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి కొలవాలి. ఆ ఎత్తుకు ఒక కర్రకు గీత పెట్టుకునేవాళ్లం. వాలు నేల అయితే ఎగువ పక్క నిలబడి కొలవాలి. చిన్నచెట్లకు వేరే చదరం, గడ్డికీ మొలకలకూ మీటరు చదరం. సాయంత్రం అన్నీ కలిపితే ఒక్కో జాతికి ఎన్ని చెట్లు, ఎన్ని చదరాల్లో కనిపించింది, మొదళ్లు నేలను ఎంత ఆక్రమించాయి అన్న మూడు లెక్కలు వచ్చేవి. మూడింటినీ శాతాలుగా మార్చి కూడితే, అడవిలో ఆ జాతికున్న ప్రాధాన్యం తెలుస్తుంది. అన్ని జాతులవీ కలిపితే మొత్తం మూడు వందలు రావాలి. హాస్టల్ బల్బు కింద క్యాలిక్యులేటర్ నొక్కుతూ 298 వచ్చి, మళ్లీ మొదటి నుంచి వేసిన రాత్రులు ఎన్నో.

మొలకల చదరాల దగ్గరే నాకు మొదటిసారి గుండె కలుక్కుమంది. ఎదిగే అడవిలో పెద్ద చెట్లు కొన్నే ఉండాలి, వాటి కంటే చిన్నవి చాలా ఎక్కువ ఉండాలి, నేలను అంటుకుని మొలకలు లెక్కలేనన్ని ఉండాలి. మా చదరాల్లో నల్లమద్ది పెద్ద చెట్లు ఉన్నాయి. మొలకలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తర్వాతి చదరంలోనూ అంతే. ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊళ్లోకి వెళ్లి, బడి వైపు చూసినట్టు ఉండేది. పిల్లలు లేరు.

*

ఎందుకు లేరు? క్లాసులో దానికి రెడీగా ఒక జవాబు ఉండేది: కట్టెలు కొట్టేవాళ్లు. పరీక్షల్లోనూ అదే రాసేవాళ్లం, మార్కులు పడేవి. మధ్యాహ్నం పూట గుట్ట దిగే ఆడవాళ్ల తలల మీద కట్టెల మోపులు కనిపించేవి కాబట్టి, నేనూ అదే నమ్మాను.

ఒక ట్రిప్‌కు ల్యాబ్ నుంచి స్ప్రింగ్ త్రాసు తీసుకెళ్లాను. దారి పక్కన మర్రిచెట్టు కింద మోపు దించుకుని కూర్చున్న ఒకావిడ దగ్గరికి వెళ్లి, మోపు తూచనిస్తారా అని అడిగాను. ఆమె నన్నూ త్రాసునూ చూసి, "కొంటవా బిడ్డా?" అంది. కాదు, చదువు కోసం అన్నాను. "కట్టెల మీద గూడ చదువుంటదా?" అని నవ్వి, సరే తూచుకో అంది. మేమిద్దరం కర్రకు వేలాడదీసి ఎత్తితే ఇరవై రెండు కిలోలు వచ్చింది. అంత బరువుతో ఆమె నాలుగు మైళ్లు నడుస్తుంది. వారంలో మూడు రోజులు.

మోపు విప్పి పుల్లలు వేరు చేయనిచ్చింది. నేను ప్రతి పుల్లనూ గోటితో గీరి చూశాను, లోపల పచ్చగా ఉంటుందేమో అని. ఒక్కటీ పచ్చిది లేదు. అన్నీ ఎండు కొమ్మలు, రాలినవి. మోదుగ, తునికి, సీతాఫలం పుల్లలు, టేకు రెమ్మలు.

"పచ్చిది ఎందుకు కొట్టరు?" అని అడిగాను.

"పచ్చి కట్టె బరువు. పొయ్యిల పెడితే పొగ. గంత దూరం మోసుకపోయి కండ్లల్ల పొగ పెట్టుకుంటనా?" అంది.

నాకు మాట రాలేదు. ఆమె ఇంకా చెప్పింది. ఎండాకాలంలో గుట్ట కాలుతుందనీ, ఆ ఆకుల మంటకు చిన్నవన్నీ మాడిపోతాయనీ, మోదుగ, తునికి మాత్రం వేరులోంచి మళ్లీ లేస్తాయనీ, వానలు పడ్డాక మొలిచినవాటిని మేకలూ గొడ్లూ ఉంచవనీ. మా చదరాల లెక్కలూ ఆ మాటే చెబుతున్నాయి. తునికి పిలకలు ప్రతి చోటా ఉన్నాయి. వేరు బతికి ఉంటే చాలు, కాలినా తిరిగి వస్తుంది. గింజ నుంచే రావలసిన జాతులు రావడం లేదు. ఆ రాత్రి గదిలో ఆదిలాబాద్ అమ్మాయికి చెబితే, "మా వైపు కొందరు తునికాకు లేతగ రావాలని మంట పెడతరు. ఆకు మంచిగనే వస్తది. మిగతాయి ఏమైతయో ఎవరు చూస్తరు" అంది.

సార్ దగ్గర ఇదంతా ఏకరువు పెట్టాను. ఆయన విని ఎప్పటిలాగే, "ఒక్క మోపేనా తూచింది?" అన్నారు. తర్వాతి నెలల్లో ముప్పైకి పైగా మోపులు తూచాను. కొన్నింట్లో పచ్చి కొమ్మలూ దొరికాయి. అందులో చాలావరకు మేకల కోసం నరికినవి, మేకలు ఆకు మేశాక మిగిలిన కొమ్మలు. ఆ ముప్పై మోపులు లేకుండా నా ప్రాజెక్టు లేదు. వాటిని మోసినవాళ్ల పేర్లు రిపోర్టులో కృతజ్ఞతల పేజీలో రాశాను. టైపిస్టు, వీళ్లంతా ఏ డిపార్ట్‌మెంట్ మేడమ్ అని అడిగాడు.

ఆ రోజుల్లో దేశంలోనూ ఆ మాటే మారుతోంది. 1988 జాతీయ అటవీ విధానం, అడవుల అంచున బతికేవాళ్ల అవసరాలు ముందు చూడాలంది. 1990 జూన్‌లో కేంద్రం, అడవుల సంరక్షణలో ఊళ్లవాళ్లను కలుపుకోమని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. 1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. సెమినార్ రోజున నేను ఆ విధానం గురించి మాట్లాడుతూ, మధ్యలో కాగితం పక్కన పెట్టి మర్రిచెట్టు కిందావిడ మాటలు ఆమె చెప్పినట్టే చెప్పాను. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు, నోట్‌బుక్ తీసి రాసుకున్నారు.

*

సాయంత్రాలు హెర్బేరియంవి, అంటే తెచ్చిన రెమ్మలను ఎండబెట్టి షీట్ల మీద భద్రపరిచే పనివి. రోజూ పేపర్లు మార్చకపోతే ఆకు నల్లబడుతుంది, బూజు పడుతుంది. హాస్టల్ రీడింగ్ రూమ్‌లోని పాత పేపర్లన్నీ మాకే వచ్చేవి. తడి పేపర్లు తీసి మెట్ల మీద ఎండలో పరిచి, పొడివి పెట్టి, బెల్టు బిగించి, మళ్లీ మంచం కిందికి తోసేవాళ్లం. వారం పది రోజులకు ఆకు పెళుసుగా, చదునుగా తయారయ్యేది. అప్పుడు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ కలిపిన స్పిరిట్‌లో ముంచేవాళ్లం. అది విషం. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కోకుండా మెస్‌కు పోనిచ్చేవారు కాదు. తర్వాత దళసరి షీటు మీద దారంతో కుట్టడం. మా క్లాసు అబ్బాయిలు కుట్టుపని మామీదికి నెట్టబోతే, సార్ సూదులు తెచ్చి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చారు. వాళ్లలో ఒకతను మా అందరికంటే సన్నగా కుట్టేవాడు.

పేరు కనుక్కోవడానికి లైబ్రరీలో గాంబుల్ ఫ్లోరా ఉండేది. ఫ్లోరా అంటే ఒక ప్రాంతంలోని మొక్కల వివరాలన్నీ ఉండే పుస్తకం. అట్టలు ఊడిపోయి, ముట్టుకుంటే పొడి రాలే సంపుటాలు. అది మద్రాసు ప్రెసిడెన్సీ కోసం రాసింది. నైజాం ఇలాకా అందులో లేదు. మా చెట్లన్నిటికీ అందులో పేర్లు దొరికేవి గానీ, ఎక్కడెక్కడ పెరుగుతాయో చెప్పే చోట మా ఊళ్లు ఉండేవి కావు. కడప, కర్నూలు, గోదావరి కనిపించేవి. పాలమూరు కనిపించేది కాదు. నోట్‌బుక్‌లో ప్రతి పేరు పక్కనా "అనంతగిరిలో కూడా" అని రాసుకునేదాన్ని. ఎవరూ అడగకపోయినా రాసేదాన్ని.

*

నల్లమలకు ఒక్కసారే వెళ్లాం. గౌలిగూడ బస్టాండ్‌లో, విమానాల షెడ్డులాంటి ఆ పెద్ద రేకుల డోము కింద నుంచి శ్రీశైలం బస్సు బయలుదేరేది. ఆ డోము 2018లో కూలిపోయింది. పేపర్లో ఫొటో చూసి చాలాసేపు బాధపడ్డాను. బస్సు మా కల్వకుర్తి మీదుగానే పోతుంది. నాన్న బస్టాండ్‌కు వచ్చి కిటికీలోంచి అందరికీ జామకాయలు ఇచ్చారు. డిండి దాటాక మన్ననూరు చెక్‌పోస్టు, అక్కడి నుంచి అడవి.

మాతో వచ్చిన ల్యాబ్ అటెండర్‌ను అందరం తాతా అనేవాళ్లం. "గిది నల్లమద్ది. మొసలి తోలు లెక్క లేదా? గిది తపసి" అంటూ ముందు నడిచేవాడు. తపసి చెట్టు మొండెం నున్నగా, లేత గులాబీ తెలుపుతో, మనిషి ఒంటిలా ఉంటుంది. చెంచులు దాని బంక తీసి అమ్ముతారు. మరీ లోతుగా నరికితే చెట్టు కోలుకోదు. పాత గాట్లు మూసుకుపోయి మచ్చలైన చెట్లూ చూశాం, గాట్లు మానక నిలువునా ఎండిపోయినవీ చూశాం.

టీకొట్టు దగ్గర తాత జేబులోంచి పెద్దేగి చెక్క పేడు తీసి గ్లాసు నీళ్లలో వేశాడు. కాసేపటికి గ్లాసును ఎండకు పెట్టమన్నాడు. నీళ్లు ఒక పక్క నుంచి తేనెరంగులో, ఇంకో పక్క నుంచి నీలంగా మెరిశాయి. అందరం గ్లాసు చుట్టూ మూగాం. టీకొట్టు అతను కూడా గరిటె వదిలేసి వచ్చాడు. ఇప్పటికీ నేను ప్రతి సంవత్సరం మొదటి క్లాసులో ఆ గ్లాసు కిటికీలో పెడతాను.

రాత్రి ఫరహాబాద్ దగ్గర రెస్ట్‌హౌస్‌లో లాంతరు వెలుతురు. కరెంటు లేదు. బయట దుప్పి ఒక్కసారి గట్టిగా అరిచింది, తర్వాత ఇంకొకటి. వాచర్ చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడవద్దన్నాడు. ఏదో పెద్దది నడుస్తోందన్నాడు. మాకు ఏమీ కనిపించలేదు. ఎండుటాకుల మీద ఏ చప్పుడూ వినిపించలేదు కూడా. ఆ వినపడకపోవడమే నాకు గుర్తుండిపోయింది.

ఆ తర్వాతి బ్యాచ్‌లకు నల్లమల ట్రిప్ ఆగిపోయింది. అప్పటి పరిస్థితులు అందరికీ తెలిసినవే. పర్మిషన్లు దొరికేవి కావు.

*

అటక మీది కట్ట గురించి చెప్తానన్నాను కదా. మా మేనకోడలు ఒక్కో పేపరూ మెల్లగా తీస్తోంది. రేల, తిరుమాను, బిల్లుడు. రంగు పోయినా ఆకారం చెక్కుచెదరలేదు. నాలుగో పేపర్ దగ్గర ఆగింది. రెమ్మను పక్కకు పెట్టి పేపర్ చదవడం మొదలుపెట్టింది.

"అత్తా, ఈ శ్రీనివాస్ ఎవరు?"

1991 నవంబరు పేపరది. రాజమండ్రి నుంచి వెళ్లి కర్ణాటకలో ఫారెస్ట్ ఆఫీసర్‌గా పనిచేసిన పి. శ్రీనివాస్ గారి హత్య వార్త. వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలోనే ఉండి, అక్కడివాళ్లకు గుడి కట్టించి, వైద్యం చేయించి, ఊరి మనసును మార్చాలని చూసిన మనిషి. లొంగిపోతానని కబురు పంపితే నమ్మి, ఆయుధం లేకుండా వెళ్లారు. తిరిగి రాలేదు. మరుసటి ఏడాది కీర్తిచక్ర ఇచ్చారు.

ఆ వార్త వచ్చిన రోజు మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ క్లాసు జరపమని అడగలేదు, ఎవరూ జరపలేదు. ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో చెట్ల కింద గుంపులుగా కూర్చున్నాం. ఫారెస్ట్ సర్వీస్‌కు చదువుతున్న సీనియర్ ఒకతను చాలాసేపు ఏమీ మాట్లాడకుండా గడ్డి పీకుతూ ఉన్నాడు. ఆ పేపర్‌ను నేను హెర్బేరియంలో ఎందుకు వాడానో గుర్తు లేదు. దాచుకోవాలనే ఆ కట్టలో పెట్టి ఉంటాను. ఆ రెమ్మ మాత్రం ఏగిస, చెట్టు మీద గాటు పెడితే నెత్తురులా జిగురు కారుతుంది. అది అందులో పడడం కావాలని చేసింది కాదు.

మా పిల్ల వార్త చివరిదాకా చదివి, పేపర్ మడిచి, "ఇది నేను తీసుకుంటా అత్తా. మా వాళ్లకు చూపిస్తా" అంది.

*

ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే బాల్కనీలోకి వచ్చింది. తాడును వేళ్లతో తడుముతోంది.

"ఈ పీలికలేంటి?"

నలభై మీటర్ల తాడులో పెళ్లిళ్లు, ఇళ్లు మారడాల్లో మిగిలింది ఆ పది మీటర్ల ముక్క. రెండు వరసలుగా కొక్కేలకు కట్టి ఎన్నేళ్లుగానో బట్టలు ఆరేస్తున్నాను. ఎర్రచున్నీ పీలికలు తెల్లబడిపోయాయి, దారం మాత్రం ఊడలేదు. కథంతా చెప్పాను. వాళ్లకిప్పుడు జీపీఎస్, శాటిలైట్ ఫొటోలు, డ్రోన్లు ఉన్నాయి. అయినా మొలకలు లెక్కపెట్టాలంటే ఇంకా తాడే వేస్తారట. అది విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తాడు విప్పించి, హాల్లో గచ్చు మీద పరిచి, తన టేపుతో కొలిచింది. పది మీటర్ల ముప్పై నాలుగు సెంటీమీటర్లు.

"సాగిపోయింది" అంది. తర్వాత కాస్త ఆలోచించి, "అప్పుడూ ఇలాగే సాగి ఉంటే నీ లెక్కలన్నీ తప్పు కదా అత్తా?" అంది.

బీరువాలోంచి ఫీల్డ్ నోట్‌బుక్ తెచ్చి ఇచ్చాను. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పేజీ తర్వాత పేజీ తిప్పింది. ప్రతి ట్రిప్ మొదటి లైను. తాడు 10.00, నేల తడి. తాడు 10.00, నేల తడి. తాడు 10.03, సరిచేశాం, నేల పొడి. తాడు 10.00. తాడు 10.02, సరిచేశాం. పదిహేడు ట్రిప్పులు. ఒక్క లైనూ మానలేదు. వాటి కింద ఎర్ర ఇంకులో సార్ టిక్కులు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పాత పీలికలు విప్పి, సాగిన ముక్కను కోసి, మళ్లీ మీటరు మీటరుకూ కొత్తవి కుట్టాం. ఎర్రది దొరకలేదు, నా పసుపు చీర అంచు చించాం. సోమవారం తెల్లవారి ప్రెస్సూ తాడూ బ్యాగులో పెట్టుకుని జూబ్లీ బస్టాండ్‌లో బస్సెక్కింది.

బుధవారం మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. బయటికొచ్చాక చూశాను. మెసేజ్‌లో మూడే మాటలు, తేదీ పెట్టి మరీ పంపింది.

తాడు 10.00. నేల తడి.